నెట్‌వర్కు మింగిన ‘వు’

సాయంత్రం ఆరూ పదికి పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. అదే నిమిషంలో నేను ముందు గదిలో ఫోను పట్టుకుని కూర్చుని, సమాధిలో ఉన్న నా భార్య పరువు తీస్తున్నాను. పాల సంగతి మాడు వాసనతో తెలిసింది. రెండోది తెలియడానికి పక్షం రోజులు పట్టింది.

సుశీల పోయిన ఏడాదే నేను రైల్వేలో రిటైరయ్యాను. క్వార్టరు ఖాళీ చేసి, బిట్రగుంటలోనే ఒక చిన్న ఇంట్లోకి మారాను. చర్చిలో అందరూ “ఆయన చిత్తం” అనేవారు. నేను “ఆమేన్” అని ఇంటికొచ్చి నిద్ర పట్టక కూర్చునేవాణ్ణి. ఆమె గురించి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. చూడలేక గూడూరు నుంచి మా చెల్లెలు విమల వచ్చి నా ఫోనులో ఏదో యాప్ పెట్టింది.

“తెలిసినోళ్లతో చెప్పుకోలేకుండా ఉండావు. తెలియనోళ్లతోనన్నా చెప్పుకో అన్నా. ఇట్నే ఉంటే నువ్వు గూడా పోతావు.”

అలా హైదరాబాదులో ఉండే ఒక కౌన్సెలర్ అమ్మాయి నెలకోసారి నా ఫోనులో కనిపించసాగింది. అసలే నసిగే మనిషిని, పైగా రైల్వే కాలనీ పక్కన ఫోను సిగ్నలు అంతంతమాత్రం. కోతికి కల్లు తాగించినట్టే.

“మీ వైఫ్ గురించి చెప్పండి సార్.”

మా సంఘంలో చనిపోయిందని అనం. “ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందమ్మా” అన్నాను. ఆ ‘వు’ను నెట్‌వర్కు మింగేసిందని నాకేం తెలుసు? నా పేరు సుధాకర్. పేరు చూసి మేం ఏ మతమో ఆ పిల్లకు మాత్రం ఏం తెలుస్తుంది?

ఆమె గొంతు మెత్తబడింది. “ప్రభు గారు మీకు ముందే తెలుసా?”

“చిన్నప్పటి నుంచీ.”

“మేడమ్‌కి?”

“నాకంటే ఎక్కువ. రోజూ తెల్లవారుజామున లేచి ఆయనతో మాట్లాడేది. పైకే.”

“మీరు ఇంట్లో ఉండగానే?”

“పక్క మంచం మీదే ఉండేవాణ్ణి.”

తెర మీద ఆమె బొమ్మ బిగుసుకుపోయింది. నెట్ పోయిందనుకున్నాను.

“ఆమె తిరిగొస్తుందని ఆశ ఉందా సార్?”

“ఆయన వచ్చేటప్పుడు వెంటబెట్టుకొస్తాడని నమ్మకం.”

“ఇద్దరూ కలిసి… ఇక్కడికే?”

“అట్నే మాటిచ్చినాడమ్మా.”

“ఆయన మీద మీకు కోపం లేదా?”

ఈ ప్రశ్న చర్చిలో ఎవరూ అడగలేదు. “ఉంది” అన్నాను. చాలాకాలంగా నేను నసగకుండా చెప్పిన మాట అదొక్కటే. ఆ పూట అన్నం సయించింది.

చివర్లో సలహా ఇచ్చింది. “కొన్నాళ్లు ఆయన ఇంటికి వెళ్లకండి. నంబరుంటే బ్లాక్ చేసేయండి.”

చదువుకున్న పిల్ల, ఉపమానంగా చెబుతోందనుకున్నాను. ఉపమానాలు నాకు పడవు. అయినా మందు చేదని పారబోస్తామా? రెండు ఆదివారాలు చర్చి మానేశాను.

విమల ఫోన్ చేసింది. “పాస్టరు గారు అడగతా ఉండారు. చర్చికి ఎందుకు పోలేదన్నా?”

“కౌన్సెలరమ్మ వద్దనింది. ప్రభువు ఇంటికి పోతే పుండు రేగుతాదంట. నంబరు గూడా బ్లాక్ చెయ్యమనింది.”

“ఎవురి నంబరు?”

“ప్రభువుది.”

అవతల నుంచి కేక వినిపించింది. “అయ్యో నా అన్నా! వదిన ఎవురితోనో లేచిపోయిందనుకుంటా ఉంది ఆ పిల్ల!”

కడవరి దినాన సమాధిలోంచి లేవాల్సిన మనిషిని నేను ముందే లేచిపోయేట్టు చేశాను.

తర్వాతిసారి ఆ అమ్మాయి కనబడగానే చెప్పేశాను. “అమ్మా, నా భార్య చనిపోయింది.” ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

“అయ్యో! ఎప్పుడు సార్?” నిజంగానే కంగారుపడింది. “ప్రభు గారికి తెలుసా?”

నవ్వొచ్చింది. సుశీల పోయాక వచ్చిన మొదటి నవ్వు. అది ఎక్కడ ఏడుపయిందో చెప్పలేను. తేరుకుని ఆ ‘వు’ సంగతి మొత్తం చెప్పాను. అంతా విన్నాక ఎన్నోసార్లు సారీ చెప్పి, “కోపం ఉందన్నారు కదా సార్. అదన్నా నిజమేనా?” అంది.

“అదొక్కటీ సరిగ్గానే విన్నావమ్మా.”

మళ్లీ చర్చికి వెళుతున్నాను. కోపం కూడా నాతో వస్తుంది. ఇద్దరికీ వెనక బెంచీ చాలు. ఇక పాఠకుల ఎదుట ఒట్టు పెట్టాలి. ఒట్టు పెట్టుకోవద్దని మా బైబిలు వాక్యం గనక ఉత్త మాటే ఇస్తున్నాను: సిగ్నలు గీతలన్నీ నిండుగా కనిపించని చోట ఆ పేరు ఎత్తను. సుశీల గురించి ఎవరడిగినా చనిపోయిందనే చెబుతాను.

తెల్లవారుజామున మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ పైకి ప్రార్థన చెయ్యరు.