వసూలు వాళ్లు మగ్గాల వీధికి వచ్చిన రోజు

ఇంజనీరింగ్ కోసం బ్యాంకులో అప్పు తీసుకున్నప్పుడు ఉద్యోగం రాగానే తీర్చేస్తానని అనుకున్నాను. ఆఖరి సంవత్సరంలో చెన్నై కంపెనీ ఒకటి నన్ను ఎంపిక చేసుకుంది కూడా. ఇవాళా రేపూ అంటూ నెలలు గడిపి, చివరికి ఆ ఉద్యోగాలే లేవని ఒక మెయిల్ పంపింది. ఆ ఏడే నాయనకు పక్షవాతం వచ్చింది. మా ఊరు నగరిలో మరమగ్గాల షెడ్డులో అమ్మా నాయనా ఇద్దరూ కూలికి నేసేవాళ్లు. ఇక నేయడానికి అమ్మ ఒక్కతే మిగిలింది. నేను తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో చేరాను. నా జీతం నాయన మందులకు అయిపోయేది. బ్యాంకు వాయిదాలు ఆగిపోయాయి.

మొదట్లో బ్యాంకు వాళ్లు మర్యాదగానే ఫోన్ చేశారు. తర్వాత నా ఖాతాను ఒక వసూలు ఏజెన్సీకి అప్పగించారు. అప్పటినుంచి మాట తీరు మారిపోయింది. ముఖం కూడా చూడని మనుషులు నన్ను ‘ఏమే’ అని పిలిచారు. కట్టలేనిదానికి చదువెందుకన్నారు. నాకు పెళ్లెలా అవుతుందో చూస్తామన్నారు. ఫోన్ రాగానే లాడ్జి మెట్ల కిందికి పోయి, గొంతు తగ్గించి బతిమాలుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున, యాత్రికుల బస్సు వచ్చి కౌంటర్ ముందు జనం మూగినప్పుడు, లాడ్జి ల్యాండ్‌లైన్ మోగింది. ఎత్తాను.

“ఓనర్‌తో మాట్లాడాలి. మీ రిసెప్షన్‌లో బ్యాంకు డబ్బు ఎగ్గొట్టిన అమ్మాయి ఒకతి పనిచేస్తోంది. అలాంటిదాన్ని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టారా?”

ఆ గొంతు నాకు బాగా తెలుసు. అతనికి మాత్రం నాది తెలియలేదు. ఇన్నాళ్లూ తిట్టాడే గానీ నేను చెప్పింది ఎప్పుడూ వినలేదు.

“ఆ అమ్మాయిని నేనే. లైన్‌లో ఉండండి, ఓనర్‌కిస్తాను” అన్నాను.

మా ఓనర్ చిత్తూరు మనిషి, ముక్కోపి. వెనక గదిలో టిఫిన్ చేస్తున్నాడు. “సార్, నాకు చదువు అప్పుంది. వాయిదాలు కట్టలేకపోయాను. నన్ను పనిలోంచి తీసేయించాలని వసూలు వాళ్లు ఫోన్ చేశారు” అని చెప్పి అక్కడి ఎక్స్‌టెన్షన్ ఫోన్ ఎత్తి అందించాను.

ఆయన కాసేపు విన్నాడు. “ఏమప్పా, ఈ పాపను నేను తీసేస్తే నీ దుడ్డు ఎవురు కడతారు? నువ్వు కడతావా?” అని పెట్టేశాడు. తర్వాత నా వైపు తిరిగి, “కౌంటర్ కాడ పార్టీ నిలబడుకోనుండారు. పో, రూములు సూపించు” అన్నాడు.

ఆ సాయంత్రమే తోటి పనివాళ్లకూ, నేనుండే లేడీస్ హాస్టల్లో నా గదివాళ్లకూ అంతా నేనే చెప్పేశాను. వసూలు వాళ్లు ఎవరికి చెబుతామని నన్ను బెదిరించినా, ఆ మనిషికి అది పాత సంగతే కావాలి. వచ్చిన ప్రతి ఫోన్‌నూ రికార్డు చేయడం మొదలుపెట్టాను.

ఇక్కడ లాభం లేదనుకున్నారేమో, నగరికి వెళ్లారు. పక్కింటి అక్క ఫోన్ చేసింది.

“పాపా, ఇద్దురు వచ్చినారు. మీ నాయన మంచం కాడ నిలబడుకోని, నువ్వు సచ్చినా వదలం అంటా అరిసినారు. ఇప్పుడు మీ అమ్మ దగ్గరికి షెడ్డుకి పోయినారు. జరిగింది మీ అమ్మకి పిల్లోడితో సెప్పంపినా. దుడ్డు ఇచ్చేదాకా కదలరంట.”

దొరికిన బస్సెక్కాను. దిగి నేరుగా షెడ్డుకు పోయేసరికి మగ్గాలన్నీ ఆడుతున్నాయి. ఆ చప్పుడులో ఒకడు అమ్మ చెవి దగ్గర గొంతు చించుకుంటున్నాడు. రెండోవాడు చెమటలు తుడుచుకుంటూ గోడకు ఆనుకుని ఉన్నాడు. అమ్మ తెగిన పోగు అతుకుతూ, “యాందప్పా? ఇనబడలా” అంటోంది. మగ్గం ఆపడం లేదు.

నన్ను చూశాక ఆపింది. చుట్టుపక్కల మగ్గాలు కూడా ఒక్కొక్కటే ఆగాయి.

“వచ్చినావా? రేపు నీ ఫోటో ఈ వీధంతా అంటిస్తాం” అన్నాడు అరిచినవాడు.

“రేపటిదాకా ఎందుకు?” అని నేను వీధిలోకి వచ్చి అందరినీ పిలిచాను. “నేను చదువుకోసం బ్యాంకులో అప్పు చేసినాను. ఇంకా తీర్సలేదు. తీరుస్తాను. ఈళ్లు అది మీకు సెప్పి నా పరువు తియ్యాలని వచ్చినారు.”

ఎదురింటి ముసలి నేతగాడు గుమ్మంలోంచే అన్నాడు: “ఈ వీధిలో అప్పు లేని మగ్గం యాడుండాది? సదువుకి సేసింది సిగ్గా?”

నా వెనకే బయటికొచ్చిన ఆ ఇద్దరినీ గుర్తింపు కార్డు చూపమన్నాను. బ్యాంకు ఇచ్చిన ఉత్తరం చూపమన్నాను. రెండూ లేవు. “అయితే నడవండి, స్టేషన్‌కు పోదాం. మీరు నన్ను తిట్టినవన్నీ నా ఫోన్‌లో ఉండాయి” అన్నాను.

గోడకు ఆనుకున్నవాడు మెత్తబడ్డాడు. “మేమూ జీతగాళ్లమేనమ్మా.”

“జీతగాళ్లయితే ఏమి?” అంది అమ్మ. “పడుకోనుండే మనిషి ముందర సావు మాట యాల ఎత్తినావు? సెప్పు.”

ఇద్దరూ బండెక్కి వెళ్లిపోయారు. స్టేషన్ వైపు మాత్రం కాదు.

మర్నాడు ఫిర్యాదు రాసుకుని అమ్మా నేనూ బ్యాంకుకు వెళ్లాం. ఏజెన్సీ వాళ్లు ఏం చేస్తారో తమకు తెలియదన్నాడు మేనేజరు. ఫోన్ తీసి ఒక రికార్డింగు పెట్టాను. గది బయటి గుమస్తాలు కూడా తలెత్తి చూశారు. సగంలోనే ఆపమన్నాడు మేనేజరు. నేను ఆపలేదు, చివరిదాకా వినిపించాను.

“కడతాం సార్” అంది అమ్మ. “కట్టగలిగినంత కడతాం. మా ఇంటికి మటుకు ఎవురూ రాకూడదు.”

కొన్ని వారాలు తిప్పించుకున్నారు. చివరికి ఏజెన్సీని తప్పించి, గడువు పెంచి వాయిదా తగ్గించారు. వడ్డీ ఒక్క రూపాయి కూడా మాఫీ చేయలేదు. ఇంకా కడుతూనే ఉన్నాను, మరికొన్నేళ్లు కట్టాలి. ఇప్పుడు లాడ్జిలో ఫోన్ మాట్లాడాల్సి వస్తే, కౌంటర్ దగ్గరే అందరి ముందూ నిలబడి మాట్లాడతాను.