అమ్మ కనకాంబరాలు, నాయన మల్లెలు

తమిళనాడులో వెంగల్ దగ్గర మా పొలంలో ఒక పక్క నాయన మల్లెతోట, దాన్ని ఆనుకుని అమ్మ కనకాంబరం మడి. డెబ్బైల చివర్లో నేను హైస్కూల్లో చదివేదాన్ని. మల్లెను మొగ్గగా ఉండగానే కోయాలి. విచ్చితే తిరువళ్ళూరు మార్కెట్లో ఎవరూ అడగరు. కనకాంబరాన్ని విచ్చాకే కోయాలి. మల్లె ఎండాకాలం పూసి ఊరుకుంటుంది. చలిలో మా ఇల్లు నడిపేది కనకాంబరమే.

"వాసన లేనిది కూడా ఒక పువ్వేనా?" అని నాయన ఎగతాళి చేసేవాడు.

"లేకుంటే ఏమయ్యా, నీ మల్లె మాదిరి ఒక పూటకే వాడిపోదు గదా" అనేది అమ్మ.

ఆ ఏడు ఐప్పసి నెల, అంటే దీపావళి నాటి, వానలు వెలిశాక మడి మధ్యలో కొన్ని చెట్లు తలలు వాల్చేశాయి. అమ్మ నీళ్ళు కట్టింది. వాటి పక్కవీ వాలిపోయాయి. నీళ్ళెక్కువయ్యాయేమోనని కాలువ తీసింది, వేపపిండి వేసింది, మందు కొట్టించింది. ఏం చేసినా ఎండు తెగులు పాకుతూనే ఉంది. గట్టుకు అవతల మల్లెపొదలు పచ్చగా చిగుళ్ళు వేస్తున్నాయి.

"ఒకే బావి నీళ్ళు, ఒకే ఎరువు. దానికి లేని రోగం దీనికి యాడినుంచి వచ్చినాదయ్యా?"

నాయన ఎండిన చెట్టునొకదాన్ని వేళ్ళతో సహా గోనెలో చుట్టి, అమ్మనూ నన్నూ బస్సెక్కించి తిరువళ్ళూరు వ్యవసాయ ఆఫీసుకు తీసుకెళ్ళాడు.

అక్కడి ఆఫీసరు నల్లబడిన వేళ్ళను గోటితో గీరి చూశాడు. మట్టిలో కంటికి కనిపించని పురుగులున్నాయనీ, అవి కొరికిన చోట బూజు చేరిందనీ తమిళంలో చెప్పాడు. రెండూ పూలచెట్లే అయినా వాటి జాతులు వేరట, మల్లెను ఈ రోగం ఇంతగా పట్టదట. మిగిలినవాటికైనా మందు చెప్పమని అమ్మ బతిమాలింది. అన్నీ పీకి కాల్చేయమన్నాడు. ఆయన ఎంతో నెమ్మదిగా చెప్పడంతో కోప్పడడానికి కూడా లేకపోయింది.

మరునాడు అమ్మ మడిలోకి దిగింది. కొన్ని చెట్లు ఇంకా నిండుగా పూసే ఉన్నాయి.

"పూసిండేవి ఉండనీలే. పూసినన్నాళ్ళు పూస్తాయి" అన్నాడు నాయన.

"రేపు నా కండ్లముందరే వాలిపోతాయి. అది నేను చూడలేను."

నాయన రెండోవైపు నుంచి పీకడం మొదలుపెట్టాడు. కుప్పకు నిప్పు పెడితే పచ్చి కొమ్మలు అంటుకోలేదు. అమ్మ ఊది ఊది, ఆ పొగలోనే గట్టుమీద కూలబడింది.

"ఈడ మల్లె నాటుకుందామే. అదీ నీదే" అన్నాడు నాయన, ఆమె పక్కన కూర్చుని.

అమ్మ తల ఊపింది. నాటిన అంట్లు బాగానే పట్టుకున్నాయి గానీ, ఆ చలికాలం కోయడానికి మాకు ఒక్క పువ్వూ లేదు. అమ్మ పక్క ఊరికి వేరుశనగ పీకే కూలికి పోయింది. నాయన వద్దనలేకపోయాడు.