వేలు ఎక్కడ పెట్టావు?

మార్గశిర మాసం, ఆదివారం సాయంకాలం. కాసిడీహ్‌లో అప్పలనరసయ్య మాస్టారి ముందుగది. ఉన్నవారు: మాస్టారు, వారి భార్య సూర్యకాంతమ్మగారు, జుగ్సలాయిలో పప్పుల వ్యాపారం చేసే కృష్ణారావు, కాలేజీలో చదివే శిరీష, నేను.

ప్రతి ఆదివారం లాగే ఆ రోజూ ఇంటికొచ్చాక డైరీలో ఈ పేర్లు రాసుకున్నాను. సిరా ఆరకముందే కబురొచ్చింది, మాస్టారు పోయారని. కుర్చీలోంచి లేవబోయి అలాగే ఒరిగిపోయారట. అంతకు కాసేపటి ముందే నా మాటను కొట్టిపారేసిన మనిషి ఆయన. పరుగున వెళ్లి చూసినా నమ్మలేకపోయాను.

హిందీ మాట్లాడే ఈ ఉక్కు కర్మాగారం ఊళ్లో తెలుగు పిల్లలకు ఆయన జీవితమంతా పాఠం చెప్పారు. పదవీ విరమణ తరవాత ఇంట్లోనే ఆదివారం పఠనగోష్ఠి పెట్టారు. కర్మాగారం ఆఫీసులో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు సాహిత్యాన్ని చదవడమంటే ఏమిటో అక్కడే తెలిసింది. మొదటిసారి చదివినప్పుడు కథ మీద తీర్పు చెప్పకూడదు. రెండోసారి చదివాక చెప్పవచ్చు. అయితే చెప్పే ముందు, ఆ మాటకు ఆధారమైన వాక్యం మీద వేలు పెట్టాలి. వేలు పెట్టని మాటను ఆయన వినేవారు కారు.

ఒకసారి కృష్ణారావు, "కథ బ్రహ్మాండంగుంది మాస్టారూ!" అన్నాడు.

"ఏటి బ్రహ్మాండం? సాక్చి బజార్లో జిలేబీ తిన్నావేటి? ఎక్కడ బాగుందో వేలెట్టు."

"మొత్తం బాగుందండి."

"మొత్తం అన్నావంటే చదవలేదన్నమాట. నీ కొట్లో కందిపప్పు కొనేవోడు గుప్పెడు తీసి చూడకుండా బస్తా ఎత్తుకుపోతాడేటి?"

కృష్ణారావు నవ్వేశాడు. ఆ రోజు నుంచి పెన్సిలు తెచ్చుకోవడం మాత్రం మొదలుపెట్టాడు.

మధుమేహం మాస్టారి చూపును హరించింది. అప్పటి నుంచి మేము చదివేవాళ్లం, ఆయన వినేవారు. అయినా నియమం సడలలేదు. ఎవరైనా మాట మొదలుపెడితే చెయ్యి చాచి, తడుముకుంటూ పుస్తకం అందుకుని, వాళ్ల వేలు కాగితం మీద ఉందో లేదో చూసుకునేవారు. ఉంటే ఆ వేలిమీద తట్టి, "ఇప్పుడు చెప్పు" అనేవారు.

ఆయన మాట కరుకు. అది దాచి రాస్తే ఈ వ్యాసాన్ని ఆయనే ఒప్పుకోరు. గైడు చూసి వ్యాసం రాసి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాణ్ణి నలుగురిలో నిలబెట్టి, "ఇందులో నీ వాక్యం ఒక్కటి చూపించు" అన్నారు. వాడు మళ్లీ రాలేదు. ఒకప్పుడు గుమ్మం దాకా జనం కూర్చునేవారు, ఒక్కొక్కరే తగ్గిపోయారు. పిల్లల్లో చివరికి మిగిలింది శిరీష ఒక్కతే. తెలుగు అక్షరాలు సైతం ఆయన దగ్గరే నేర్చుకుంది.

ఆ ఆదివారం చదివింది ఒక తండ్రి కథ. దూరాన చదువుకు వెళ్లే కొడుకుని రైలెక్కించడానికి వచ్చి, బండి కదిలేదాకా ఒక్క మాటైనా మాట్లాడడు. చదవడం పూర్తికాగానే శిరీష, "మాస్టారూ, బాప్ కా దిల్ తో పత్థర్ హై. రాతి మనిషండి" అంది.

మాస్టారు చెయ్యి చాచారు. వేలు కాగితం మీద లేదు.

"ఇది నువ్వు చదివిన మాటా, ఎక్కడైనా విన్న మాటా? ఇన్నాళ్లూ నేర్చుకున్నది ఇదేనేటి?"

శిరీష కళ్లనిండా నీళ్లు. తొందరపడి అనేసి ఉండవచ్చునని నేను సర్దిచెప్పబోతే, "మీరు ఊరుకోండి. ఇప్పుడు ఊరుకుంటే ఈ పిల్ల జీవితమంతా ఎవరో ఒకరి మాటే చెప్తాది" అన్నారు. తరవాత ఆమెతో మెల్లగా, "రెండోసారి చదివి రేపు రా. నీ మాటేటో నేను వినాల" అన్నారు. ఆమె కళ్లు తుడుచుకుంటూ పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది. ఇక రాదేమోనని నేననుకున్నాను. మాస్టారూ అలాగే అనుకుని ఉంటారు. కృష్ణారావు, నేను సెలవు తీసుకునేదాకా ఆయన మొహం గుమ్మం వైపే ఉంది.

మర్నాడు ఉదయం, సువర్ణరేఖ నది ఒడ్డుకు తీసుకెళ్లడానికి పాడె సిద్ధమవుతుండగా శిరీష వచ్చింది. చేతిలో అదే పుస్తకం. మాస్టారి పక్కన నేలమీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు ఇదేటమ్మా?" అన్నాడు కృష్ణారావు.

"చదవనీ బాబూ. రమ్మన్నది ఆయనే కదా" అన్నారు సూర్యకాంతమ్మగారు.

చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది. బండి వెళ్లిపోయాక కూడా, కొడుకు కూర్చునే సీటును తాను తుడిచిన తువ్వాలు తండ్రి చేతిలోనే ఉండిపోయిందన్న వాక్యం అది. "రాతి మనిషి కాదు మాస్టారూ" అంది తెలుగులో.

"వేలెక్కడెట్టావమ్మా?" అన్నారు సూర్యకాంతమ్మగారు. ఇన్నేళ్ల గోష్ఠిలో ఆమె అడిగిన ప్రశ్న అదొక్కటే.

శిరీష ఆ వాక్యం మీద వేలు పెట్టి, అలవాటు చొప్పున పుస్తకాన్ని మాస్టారి చేతి దగ్గరకు జరిపింది. ఆ చెయ్యి కదలలేదు. కాసేపటికి మోసేవాళ్లు లోపలికి వచ్చారు. శిరీష వేలు తీయకుండానే పక్కకు జరిగింది.