ఆ రోజు సిగ్నల్ బాగానే ఉంది

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క వాక్యం, అంతే. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను విమాన భాగాలు తయారుచేసే కంపెనీలో స్ట్రెస్ ఇంజనీరుని. ఒక భాగం మీద ఎంత బలం పడుతుంది, ఓర్చుకుంటుందా, పగిలితే ఎక్కడ పగులుతుంది, ఇదంతా ముందే లెక్కగట్టి చెప్పడం నా పని. నా కింద పనిచేసిన కుర్రవాణ్ని ఇక్కడ సోమన్న అంటాను. అసలు పేరు వేరు. హుకుంపేట దగ్గర కొండమీద వాళ్ల ఊరు. మాది విజయనగరం వైపు. హైదరాబాదు ఆఫీసులో మా యాస మాట్లాడేది మేమిద్దరమే. నన్ను అక్కా అనేవాడు.

ఆ చైత్రంలో ఇటుకల పండక్కి, అదే వాళ్ల వేట పండక్కి, లాప్‌టాప్ పట్టుకునే ఇంటికి వెళ్లాడు. ఊరి మగవాళ్లంతా వేటకు పోతే ఇతను మాత్రం కాఫీ తోటల పైకెక్కి, ఫోను పలికే చోటు వెతుక్కుని నాకు చేశాడు. సీటును నేలకు బిగించే ఒక బ్రాకెట్ లెక్క అది. లోడ్ల పట్టికలో ప్లస్ గుర్తు పైకా, కిందకా అన్నది తేలాలి. ఒక్కో టీము ఒక్కోలా రాస్తుంది. అది తిరగబడితే బ్రాకెట్‌లో సాగే వైపు నొక్కుకునే వైపుగా కనిపిస్తుంది, పగిలే చోటు మన కంటికి ఆనదు.

“అక్కా, ప్లస్ అంటే కిందకేనా?”

“కిందకే. ఎప్పుడూ అంతే కదేటి.”

“కిందకి ప్లస్సు, పైకి మైనస్సు. ఓపాలి మెయిలెట్టేయండక్కా.”

“ఏటి, నా మాట మీద నమ్మకం లేదేటి? బేగి రన్ చేసి పంపు.”

పట్టిక తెరవకుండానే చెప్పాను. పాత ప్రాజెక్టులో అలా ఉండేది, ఆ అలవాటు. అతను రిపోర్టు పంపాక, విడిగా మళ్లీ లెక్క చేసి సరిచూడాల్సింది నేనే. చూడలేదు. సంతకం పెట్టాను.

టెస్టులో పూర్తి లోడు పడకముందే బ్రాకెట్ విరిగింది. అది ఇంకా విమానం ఎక్కలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. గుర్తు ఎందుకు తిరగబడిందని మీటింగులో అడిగితే, అక్కే ఫోన్‌లో చెప్పిందన్నాడు సోమన్న. అప్పుడు నేను ఆ వాక్యం అన్నాను. నేను పైకే అని చెప్పాను, కొండమీద సిగ్నల్ సరిగా లేదు, తప్పుగా విని ఉంటాడు అని. ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. సోమన్న నా వైపు చూసి ఊరుకున్నాడు.

ఎందుకు ఊరుకున్నాడు? విన్నదాని మీద అతనికే అనుమానం ఉందేమోనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అనుమానం ఎలా ఉంటుంది? ఆ రోజు ఫోన్‌లో నా మాట నాకే తిరిగి అప్పజెప్పాడు. వెనక డప్పు చప్పుడు, ఎవరో ముసలావిడ కేకలు కూడా నాకు స్పష్టంగా వినిపించాయి. అబద్ధం ముందుగా ఆలోచించింది కాదు, నోటికొచ్చింది. కానీ అదే ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఏజెన్సీ నుంచి వచ్చిన గిరిజన కుర్రాడి మీద అది ఇట్టే అతుకుతుంది. వేరే ఊరివాడైతే ఇంకొక్క ప్రశ్నైనా అడిగేవారు. ఇది తలచుకుంటే తప్పు లెక్క కంటే ఎక్కువ సిగ్గేస్తుంది.

అతని కాంట్రాక్టు పొడిగించలేదు. సరిచూడనందుకు నాకు మందలింపు, తర్వాత కొన్నాళ్లకు లీడ్ పదవి. ఇప్పుడు ప్రతి మాటా మెయిల్లో రాయమంటానని నా టీములోని కుర్రాళ్లు నాది చాదస్తం అంటారు. పైవాళ్లు క్రమశిక్షణ అంటారు.

ఇది అరకులో, ఒక కాటేజీ వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఆఫీసు వాళ్లంతా బొర్రా గుహలకు వెళ్లారు. తలనొప్పి అని ఆగిపోయాను. సోమన్న ఊళ్లోనే కాఫీ, మిరియాలు చూసుకుంటున్నాడని విన్నాను. పొద్దున్న పాత నంబరుకు చేశాను. వెంటనే ఎత్తాడు.

“అక్కా! బాగున్నారేటి? సెప్పండి, బాగా వినిపిస్తన్నాది.”

చెప్పాల్సిందంతా నోటిదాకా వచ్చింది. “హలో... హలో... సిగ్నల్ లేనట్టుంది” అని పెట్టేశాను. మళ్లీ అతనే చేశాడు. మోగి మోగి ఆగేదాకా చూస్తూ కూర్చున్నాను. తెరమీద గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

అతనికి చెప్పలేనిది మీకు చెబితే ఏమొస్తుంది? అతనికి ఏమీ రాదు. నాకు మాత్రం ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ పట్టికలో ప్లస్ అంటే పైకి. నేను కిందకే అన్నాను. సోమన్న సరిగ్గానే విన్నాడు.