బటన్ మీద ప్లాస్టర్

మా మేడమ్ పోయారని ఆదోని నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఎమ్మిగనూరులో ఒక గర్భిణికి స్కానింగ్ చేస్తున్నాను. నాకు ఈ పని నేర్పిన డాక్టరమ్మ ఆమె. ఫోన్ పక్కన పెట్టి మళ్లీ తెర వైపు తిరిగాను. ఏడుస్తూ కూర్చుంటే మేడమే తిట్టేవారు.

తిట్టడంలో ఆమెకు మొహమాటం లేదు. భార్య కడుపు తెర మీద కనపడగానే సెల్‌ఫోన్ తీసే మగవాళ్లను "బయటికి పోప్పా, ఇదేమన్నా సినిమానా?" అని తరిమేవారు. పొట్టకు చల్లగా తగలకూడదని జెల్ సీసాను మాత్రం వేడినీళ్ల చెంబులో ఉంచేవారు. పిండం కనపడిందని నేను సంబరపడితే చేతి మీద ఒక్కటి వేసేవారు. "ఉందా లేదా అని కాదే, యాడ కూసుందో సూడు ముందు."

ఆమె మిషన్ మీద గుండె చప్పుడు వినిపించే బటన్‌కు ఎప్పుడూ తెల్ల ప్లాస్టర్ అంటించి ఉండేది. ఎందుకో ఒకరోజు తానే చెప్పారు. పెద్దకడుబూరు దిక్కు నుంచి ఒక కోడలు వచ్చింది. మొదటి కాన్పు ఆపరేషన్. ఈసారి గర్భం ఆ పాత కోత మచ్చలోనే నాటుకుంది. అరుదుగా అలా జరుగుతుంది. పెరిగితే గర్భసంచి పగిలి తల్లి ప్రాణం మీదికి వస్తుంది. మేడమ్ ఆ సంగతి చూసుకునేలోపే, అలవాటు కొద్దీ చప్పుడు వినిపించేశారు. అత్త చేతులెత్తి మొక్కింది. తర్వాత ఎంత చెప్పినా వినలేదు.

"గుండెకాయ కొట్టుకుంటాంటే తీసేయమంటావేందమ్మా? నీకు బిడ్డల్లేరా?" అని కోడల్ని ఇంటికి తీసుకుపోయింది. కొన్నాళ్లకు పత్తి చేలో రక్తస్రావమై, ఆదోని చేరకముందే ఆటోలో ఆ పిల్ల చనిపోయింది.

"ఆయమ్మను ఏమనాల? ఇనిన సెవులు ఊరుకుంటాయా?" అన్నారు మేడమ్. "అడిగితే అబద్ధం సెప్పొద్దు. సోటు సూడకుండా మాత్రం ఇనిపియ్యొద్దు." ఆ మాటంటూ శుభ్రంగా ఉన్న తెరనే మళ్లీ తుడిచారు.

ఫోన్ వచ్చినప్పుడు నా బల్ల మీద ఉన్నామెకూ పాత ఆపరేషనే. పిండం ఆ మచ్చలోనే ఉంది. మధ్యలో చిన్న వెలుగు మినుకుమినుకుమంటోంది.

"కొట్టుకుంటాందా అక్కా? ఒక్కసారి ఇనిపియ్యి."

"కొట్టుకుంటాంది తల్లీ. అయినా..." ఆమె చెయ్యి పట్టుకుని మిగతాదంతా చెప్పాను. ఈరోజే కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలన్నాను. ఆమె పొట్ట మీది జెల్ తుడుచుకుని లేచి కూర్చుంది.

"మా అత్తకు నువ్వే సెప్పక్కా. నా మాట ఇనదు."

నా మిషన్ మీద కూడా అదే ప్లాస్టర్. అంచు లేచి ఉంది. దాన్ని బొటనవేలితో గట్టిగా అదిమి, అత్తను లోపలికి పిలిచాను.