పూజ గది కడిగిన నీళ్లు

మా కింది వాటాలో గోడకు బూజు పట్టిందన్న కబురు మొదట నాకు తెచ్చింది సుజాతే. అప్పుడు ఆమె కుటుంబం ఆ వాటాలో అద్దెకుండేది. ఆ కబురుతో మొదలైన బరువును ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మాది చిన్న మేడ. పైన మేముంటాం. మా పూజ గదికి సరిగ్గా కింద సుజాత అత్తగారి మంచం ఉండేది. ఆ పెద్దావిడకు ఆయాసం.

బడికి పోని నాకు అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. శుక్రవారం పూజ గదిని బిందెలతో నీళ్లు పోసి కడగడమూ ఆమే నేర్పింది. రెండింటికీ ఆమెకు రుణపడి ఉన్నాను. కానీ అమ్మది గుంటూరు వైపు నేల మీది పెంకుటిల్లు. నాది మేడ, ఆ గదికి తూము లేదు. చీపురుతో తోసినంత తోసి, మిగిలిన నీళ్లు ఇంకిపోనిచ్చేదాన్ని. ఎక్కడికి ఇంకుతున్నాయని ఒక్కనాడైనా అనుకున్నానా?

సుజాత బూజు తీసే తీరు చూస్తే ముచ్చటేసేది. ముందు అత్తను వసారాలో కూర్చోబెట్టేది. కిటికీలు తెరిచి, ముక్కుకు మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకునేది. పొడిగా గీకితే గాల్లోకి లేస్తుందని సబ్బునీళ్లతో తడిపి మెల్లగా రుద్దేది. తుడిచిన గుడ్డలు సంచిలో మూటగట్టి పారేసి, ఆ తర్వాతే ఫ్యాను వేసి గోడ ఆరబెట్టేది. మంచాన్ని, బీరువాను గోడకు ఆనకుండా జరిపింది. చెమ్మెక్కిన దూది పరుపు పారేసింది.

అయినా బూజు మళ్లీ వచ్చింది.

"ఆంటీ, శుక్రారం శుక్రారం గోడ తడైతుంది. నీళ్లు పైకెల్లి దిగుతున్నయేమో, జర సూడుండ్రి."

నాకు అప్పుడే అర్థమైంది. అయినా అన్నాను: "ఇంట్లో బట్టలారేస్తే బూజు రాదా మరి? పైన దేవుడి గది తప్ప ఏముందమ్మా?"

"దేవుడెందుకు తడుపుతడు ఆంటీ," అని నవ్వి దిగిపోయింది. మర్నాటి నుంచి తడి బట్టలు డాబా మీదికి మోసుకుపోయేది.

నేను మాత్రం కడగడం మానలేదు. మానితే నా పూజలోనే తప్పుందని ఒప్పుకున్నట్టవుతుందని భయపడ్డానా, లేక అద్దెకున్న మనిషి ముందు తగ్గడం ఇష్టం లేక దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

పెద్దావిడకు ఆయాసం ఎక్కువైంది. చెమ్మ ఉన్న ఇంట్లో ఆమెను ఉంచొద్దని డాక్టరు చెప్పాడట. ఎల్బీనగర్ అవతలికి ఇల్లు మారారు. వెళ్లే రోజు కూడా సుజాత గోడ తుడిచింది. "మా బట్టలతోని మీ గోడ కరాబైంది. మనసుల పెట్టుకోకుండ్రి ఆంటీ," అంది.

నేను తల ఊపాను.

ఆ తర్వాతి శుక్రవారం బిందె ముట్టలేదు. గట్టిగా పిండిన గుడ్డతో నేల తుడిచాను. మేస్త్రీని పిలిచి పూజ గది మూలలో నేలకున్న పగులు పూడ్పించాను. కింద గోడ ఆరింది. మళ్లీ బూజు రాలేదు. కొత్తగా చేరినవాళ్లు గది పొడిగా ఉందని మెచ్చుకుంటే ఆ మెప్పు కూడా పుచ్చుకున్నాను.

చెప్పేశాక నాకు కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ పెద్దావిడకు ఎలా ఆడుతోందో తెలియదు. మీరు దీపం పెట్టుకునే వేళ సుజాతను ఒక్కసారి తలుచుకోండి. నేను పోసిన నీళ్లకు పట్టిన బూజును తన తప్పే అనుకుని తుడిచి వెళ్లిన మనిషి.