చున్నీ కప్పిన గూడు

మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఒక అలవాటు ఉంది. ఎవరు కొత్త గదిలోకి మారినా ఆ వారంలోనే పదిమందిమి వెళ్ళి అక్కడ ప్రార్థన చేస్తాం. ఢిల్లీలో మనవాళ్ళు గదులు మారుతూనే ఉంటారు గనక ఈ పని ఏడాది పొడుగునా ఉంటుంది. అద్దె గదికి కూడా గృహప్రవేశమా అని మా ఆవిడ నవ్వేది. ఆమె ఆసుపత్రిలో నర్సు. నవ్వినా, డ్యూటీ మార్పించుకుని మరీ వచ్చేది. సంఘ పెద్దగా అక్కడ వాక్యం చెప్పడం నా వంతు.

పాలకొల్లు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి సివిల్స్‌కి చదువుకుంటూ కటవారియా సరాయ్‌లో మూడో అంతస్తులో గది తీసుకుంది. పరీక్షకు ఇంకా ఐదు వారాలున్నాయి. ఒక శనివారం పొద్దున వెళ్ళాం. నలుగురు మంచం మీద కూర్చుంటే గది నిండిపోయింది. మిగిలినవాళ్ళు గుమ్మంలో, మెట్ల మీద నిలబడ్డారు.

విగ్రహాల గురించి చెప్పాలని నేను వెళ్ళలేదు. కళ్ళు మూసుకునే ముందు మంచం తలవైపు గోడలో ఒక గూడు కనిపించింది. దానికి అడ్డంగా రెండు మేకులకు ఆకుపచ్చ చున్నీ కట్టి ఉంది. కింద కాస్త అగర్బత్తి బూడిద.

"ఆ చున్నీ వెనకాల ఏముందమ్మా?" అన్నాను.

"అది నాది కాదండి అంకుల్. ఇంటి ఓనర్ ఆంటీ వాళ్ళ దేవుడి బొమ్మ. ఇదివరకు వాళ్ళ అత్తగారు ఈ గదిలో ఉండేవారంట. పొద్దున్నే పైకొచ్చి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతారు."

"నీ తల దగ్గరే ఉందిగా!"

"నేను దాని వంక చూడనండి."

"చూడనిదానికి కప్పడం దేనికి?"

గుమ్మంలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాకు ఊపునిచ్చింది. అనుకున్న వాక్యం పక్కన పెట్టి పది ఆజ్ఞల్లో రెండోది, విగ్రహాలకు మొక్కకూడదన్నది, ఎత్తుకున్నాను. ఈ రోజుల్లో విగ్రహాలంటే రాళ్ళే కావని, జీతం, ర్యాంకు, నోయిడాలో ఫ్లాటు, పొద్దున్నే దేవుడికంటే ముందు చేతికందుకునే ఫోను, ఇవన్నీ విగ్రహాలేనని చెప్పాను. అది ఇప్పటికీ నమ్ముతాను. అక్కడితో ఆగితే బాగుండేది. "కంటికి కనిపించే విగ్రహాన్నే తీయలేనివాళ్ళు గుండెలో ఉన్నదాన్ని ఏం తీస్తారు?" అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. ఆ అమ్మాయి తల ఎత్తలేదు.

తరవాతి ఆదివారం ఆరాధనకు ముందు నా దగ్గరికొచ్చి, "ఇచ్చేశానండి అంకుల్," అంది. ఇంటావిడ ఏమందని నేను అడగలేదు. సాక్ష్యాల సమయంలో ఆమెను మైకు దగ్గరికి పిలిచాను. ఆమె చెప్పినవి రెండే ముక్కలు: "గూట్లో ఉన్నది ఆంటీకి ఇచ్చేశాను. నా గురించి ప్రార్థన చేయండి." ఆ రెండు ముక్కల్ని నేను ఇరవై నిమిషాల ప్రసంగం చేశాను. ఎవరో వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సోమవారం మెట్రోలో ఆఫీసుకు వెళ్తూ విన్నాను, తప్పులేమైనా దొర్లాయేమో చూసుకుందామని. బుధవారానికి నాలుగుసార్లు విన్నాను. ఆ నాలుగోసారి దేనికో నాకు తెలియదు. తెలుసు, చెప్పుకోవడం ఇష్టం లేదు.

ఆ సాయంత్రమే మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అంది.

"ఏమండీ, ఆ పిల్లని నెలాఖరుకి గది ఖాళీ చేయమన్నారు."

"ఎవరు?"

"ఎవరేంటి, మీరే!"

నెలాఖరంటే పరీక్షకు పది రోజుల ముందు. మర్నాడు ఇద్దరం ఇంటావిడ దగ్గరికి వెళ్ళాం. అరవై దాటిన మనిషి. కూలర్ ముందు కూర్చుని సొరకాయ చెక్కు తీస్తోంది. మేం ఎవరమో తెలిశాక కూడా, "పహ్లే పానీ పీజియే, భాయీ సాబ్," అని మంచినీళ్ళ గ్లాసులు అందించింది. 

"బిటియా రోజూ పొద్దున్నే పాటలు పాడుకునేది," అంది హిందీలో. "నేనెప్పుడైనా ఆపమన్నానా? నా రేడియో తగ్గించుకున్నాను. వచ్చిన మొదటి రోజే ఆ చున్నీ చూశాను. అచ్ఛా, ఈ పిల్ల దేవుడు వేరు అనుకున్నాను. రోజూ చున్నీ పక్కకు తీసి, అగర్బత్తి వెలిగించి, మళ్ళీ నా చేత్తోనే కప్పి వచ్చేదాన్ని. మా అత్తగారు పోయేముందు ఆ గూట్లో మూర్తిని నా చేతిలో పెట్టి పోయింది. దాన్ని పేపర్లో చుట్టి తెచ్చిస్తే నేనేమనుకోవాలి? ఏడుస్తూనే ఇచ్చింది. అలా ఏడిపించి పంపిందెవరు?"

"నేనే," అన్నాను. "తప్పు ఆమెది కాదు. పరీక్ష అయ్యేవరకు ఉండనివ్వండి."

సొరకాయ ముక్కలన్నీ కోసి గిన్నెలో వేసింది. "ఠీక్ హై. ఉండమనండి. మూర్తి మాత్రం తిరిగి గూట్లోకి వస్తుంది. చున్నీ కప్పుకుంటే కప్పుకోమనండి, నాకేం. ఆ మాట మీ నోటితో మీరే చెప్పండి."

మూడు అంతస్తులు ఎక్కుతూ నేను దేవుడికి భయపడ్డానని రాయగలిగితే బాగుండేది. సంఘానికి భయపడ్డాను. తీయించినవాడే పెట్టించాడంటారని భయపడ్డాను. బైబిల్లో జనం మొక్కడానికి బంగారు దూడను చేసిపెట్టినవాడు, నిలదీస్తే, నేను బంగారం నిప్పులో వేశానంతే, దూడ దానంతటదే బయటికొచ్చింది అన్నాడు. నేను వాక్యం చెప్పానంతే, మిగతాది దానంతటదే జరిగింది అనడానికి నా నోరు కూడా సిద్ధంగానే ఉంది.

"పరీక్ష అయ్యేదాకానేనమ్మా," అన్నాను. "చున్నీ కప్పుకో."

"అదేగా అంకుల్ నేను ముందు చేసింది."

 మా ఆవిడ ఆమె పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడు కుదరదండి," అందా అమ్మాయి. "మైకులో సాక్ష్యం చెప్పి మళ్ళీ దాని కింద ఎలా పడుకోను? ఆ వీడియో మా నాన్నకి కూడా వెళ్ళింది. ఊళ్ళో మా సంఘంలో తెర మీద వేసి చూపించారంట."

బేర్ సరాయ్‌లో ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి ఉండే గదిలోకి మారింది. కిటికీ లేదు. కింద మెస్, పొద్దుటి నుంచి పోపు ఘాటు. పుస్తకాల అట్టపెట్టెలు నేనే మోసుకెళ్ళి ఆటోలో పెట్టాను. బయల్దేరుతుంటే ఇంటావిడ గుమ్మంలోకి వచ్చి, మేకులకే ఉండిపోయిన చున్నీని మడతపెట్టి నా చేతికిచ్చింది. ఉతికినట్టుంది, సబ్బు వాసన వచ్చింది.

ఆ ఆదివారం మైకు తీసుకుని సంఘం ముందు అంతా ఒప్పుకున్నాను. ఆ అమ్మాయి రాలేదు. నా పేరు మీద, నా గొంతు మీద నాకున్న మోజే నా విగ్రహమని, దాని ముందు ఒక పిల్లను బలిపెట్టానని చెప్పాను. ప్రతి మాటా నిజమే. కానీ చెబుతూ ఉండగా నా గొంతు లేవడం నాకే వినిపించింది. ఆగవలసిన చోట ఆగాను. ముందు వరుసలో ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. వెనక నుంచి ఆమేన్ అన్నారు. ఆ మాట నాకు తియ్యగా తగిలింది. మాట మధ్యలోనే మైకు పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాను. అదీ వినయమే అనుకున్నారు. ఇంత గొప్ప సాక్ష్యం ఈ మధ్య వినలేదని తరవాత మా పాస్టరు అయ్యగారు నా భుజం తట్టారు.

ఇంటికొచ్చి గ్రూపులో చూస్తే అదీ వీడియోగా వచ్చి ఉంది. వినలేదు. వినాలని మాత్రం అనిపించింది.

ఇకమీదట నాకు ప్రసంగాలు ఇవ్వొద్దని అయ్యగారికి చెప్పాను. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి అన్నారాయన. విశ్రాంతి కోసం కాదని వివరించబోయి ఊరుకున్నాను. వివరిస్తే అదొక ప్రసంగమవుతుంది.

చున్నీ ఇవ్వడానికి మా ఆవిడ ఒక్కతే వెళ్ళింది. నేనూ వస్తానంటే వద్దంది. తిరిగొచ్చాక అడిగాను.

"ఎలా ఉంది?"

"చదువుకుంటోంది. చెవుల్లో దూది పెట్టుకుని."

"గది ప్రార్థన ఎప్పుడు పెట్టుకుందామంది?"

మా ఆవిడ నా మొహం చూసింది. "వద్దందండీ. అంకుల్‌ని ఇంట్లోనే చేయమనండి, ఎవరూ వినకుండా చేయమనండి అంది."

పరీక్ష ఇంకో వారం ఉంది. రోజూ పొద్దున్నే తలుపు వేసుకుని ఆ అమ్మాయి కోసం మోకరిస్తున్నాను. రెండు మాటలు కాకముందే గొంతు బయటికి వచ్చేస్తుంది. నోరు మూసుకుని మళ్ళీ మొదలుపెడతాను. పెదాలు కదపకుండా ప్రార్థించడం ఇంత కష్టమని ఇన్నేళ్ళ నా విశ్వాసంలో నాకు తెలియదు.